27 అడుగుల తెరచాప పడవకి సోలార్: ఏ ప్యానెల్, ఏ బ్యాటరీ, ఏ పరికరాలు?

పోయిన నెల మాకు తెలిసిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. మేరీల్యాండ్‌లో అనాపొలిస్ దగ్గర పాత కాటలీనా 27 పడవ కొన్నాడు. పలకరింపులు అయ్యీ అవకముందే, "అన్నా, ఎన్ని వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టించాలి?" అని అడిగాడు. నాదీ అదే మోడల్ పడవ, తిరిగేదీ అదే చీసపీక్ బే అఖాతంలో. పడవ కొన్న కొత్తలో నేనూ ఇదే అడిగాను. నిజానికి ఇది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు రోజుకి ఎంత కరెంటు ఖర్చవుతుందో తేలాలి. తర్వాత అంత కరెంటు దాచుకునే బ్యాటరీ చూసుకోవాలి. ఆ తర్వాత పడవ మీద నీడ పడని జాగా ఎక్కడుందో వెతకాలి. ఈ మూడూ తేలితే వాట్ల లెక్క దానంతటదే వచ్చేస్తుంది.

వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను చెప్పేది 25 నుంచి 30 అడుగుల పడవ, 12 వోల్టుల వైరింగు, వెనక ఔట్‌బోర్డ్ ఇంజన్ ఉన్నవాళ్లకి. కాటలీనా 27లు 1971 నుంచి 1991 దాకా వేలల్లో తయారయ్యాయి. అందుకే సెకండ్ హ్యాండ్‌లో సులువుగా దొరుకుతాయి, వాటితోపాటు పాత వైరింగూ వస్తుంది.

ముందు ఖర్చు లెక్క

కాగితం తీసుకుని ఒక్కో పరికరం ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో రాయండి. రెండూ గుణిస్తే ఆంపియర్ అవర్లు వస్తాయి. జులైలో, ఒక రాత్రి లంగరు వేసి ఉండే రోజుకి, నా పడవ లెక్క దాదాపు ఇలా ఉంటుంది. ఇతర పడవలతో, తీరంతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో పది గంటలు వింటూ ఉంటే 4. నీటి దారుల మ్యాపు చూపించే ఏడంగుళాల చార్ట్‌ప్లాటర్ ఎనిమిది గంటలకి 7. చుక్కాని పట్టుకునే టిల్లర్ పైలట్ ఆరు గంటలకి 5. లోతు, గాలి చూపించే మీటర్లకి 2. చుట్టుపక్కల ఓడలెక్కడున్నాయో చూపించే ఏఐఎస్‌కి 2. లంగరు దీపం ఎల్ఈడీ కాబట్టి ఒకటిన్నర. లోపలి దీపాలకి 2, నీళ్ల పంపుకి 1. ఫోన్లు, ట్యాబ్లెట్ ఛార్జింగుకి 6. అన్నీ కలిపితే దాదాపు 30 ఆంపియర్ అవర్లు.

ఇందులో ఫ్రిజ్ లేదు. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటి పెడితే ఎండాకాలంలో అదొక్కటే 35 నుంచి 40 తినేస్తుంది. అంటే మిగతా అన్ని పరికరాలూ కలిపి ఒక ఎత్తు, ఫ్రిజ్ ఒక్కటీ ఒక ఎత్తు. అందుకే మొదటి నిర్ణయం ప్యానెల్ గురించి కాదు, ఫ్రిజ్ కావాలా ఐస్ బాక్స్ చాలా అన్నది. శనాదివారాలు వెళ్లొచ్చే కుటుంబానికి మంచి ఐస్ బాక్స్, రెండు ఐస్ సంచులు చాలని నా గట్టి అభిప్రాయం. పెరుగన్నం డబ్బా, పిల్లల పాలు రెండు రోజులు నిశ్చింతగా ఉంటాయి. వారం పది రోజులు పడవ మీదే గడిపేవాళ్లకి మాత్రం ఫ్రిజ్ పెట్టుకోమనే చెబుతాను.

ఇంకొక సంగతి. పాత పడవల్లో లంగరు దీపం మామూలు బల్బుతో ఉంటుంది. 10 వాట్ల బల్బు రాత్రంతా వెలిగితే 8 ఆంపియర్ అవర్లు పోతాయి, ఎల్ఈడీకి ఒకటి రెండు చాలు. పైసా సోలార్ కొనకముందే దీపాలన్నీ మార్చేయండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మిగులు మరెక్కడా రాదు.

బ్యాటరీ: ఏజీఎమ్మా, లిథియమా?

సోలార్ ప్యానెల్ కుళాయి, బ్యాటరీ మేడ మీద నీళ్ల ట్యాంకు. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్లిపోయేవాళ్లు ట్యాంకు మీద బతుకుతారు. మిగతా అయిదు రోజులూ పడవ ఊరికే కట్టేసి ఉంటుంది కాబట్టి సన్నటి ధార వచ్చినా ట్యాంకు నిండుతుంది. వారాల తరబడి తిరిగేవాళ్లకి కుళాయి పెద్దదిగా ఉండాలి. మీరు ఏ రకమో తేల్చుకుంటే సగం టెన్షన్ తీరుతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని, అందులో మెరుగైన ఏజీఎమ్‌ని కూడా, సగం కంటే కిందికి దించకూడదు. 100 ఆంపియర్ అవర్ల ఏజీఎమ్‌లో మీరు వాడుకోగలిగేది 50. బరువు దాదాపు 30 కిలోలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంతే కెపాసిటీకి 12 కిలోల దగ్గర ఉంటుంది, అందులో 80 పైచిలుకు వాడుకోవచ్చు. అదీగాక లెడ్ బ్యాటరీలో చివరి 20 శాతం నిండటానికి గంటలు పడుతుంది. ఆలోపు మబ్బు పట్టిందా, ఆ రోజుకి అంతే. రోజూ సగం సగం నిండుతూ పోతే లోపల సల్ఫేట్ పేరుకుని బ్యాటరీ ముందే చచ్చిపోతుంది. లిథియానికి ఆ బాధ లేదు, సగం నిండి ఉన్నా హాయిగా ఉంటుంది. ధరల తేడా కూడా ఈ మధ్య బాగా తగ్గిపోయింది.

అయినా లిథియంతో మూడు జాగ్రత్తలు తప్పవు. ఒకటి, చలి. సున్నా డిగ్రీల కంటే కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. చీసపీక్‌లో జనవరి రాత్రులు అంత చలీ ఉంటుంది. కొనేటప్పుడు చలిలో ఛార్జింగ్ ఆపేసే రక్షణ దాని బీఎంఎస్‌లో, అంటే బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్‌లో, ఉందో లేదో అడగండి. శీతాకాలం సగం ఛార్జితో వదిలి, సోలార్ తీసేసి పెట్టుకుంటే ఇంకా మంచిది. రెండు, ఇంజన్. లోపల డీజిల్ ఇంజన్ ఉంటే దాని ఆల్టర్నేటర్‌ని లిథియానికి నేరుగా కలపకండి. ఖాళీ లిథియం బ్యాటరీ దొరికినంతా లాగేసి ఆల్టర్నేటర్‌ని వేడెక్కిస్తుంది. మధ్యలో బీఎంఎస్ హఠాత్తుగా తెంచేస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాల్సిందే. ఔట్‌బోర్డ్ వాళ్లు ఇంజన్ స్టార్టుకి చిన్న లెడ్ బ్యాటరీ ఒకటి విడిగా ఉంచుకుంటే ఏ గొడవా ఉండదు. మూడు, ఫ్యూజు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

స్కూటర్ల నుంచి తీసిన లిథియం ప్యాకులు చౌకగా దొరుకుతున్నాయని కొందరు అంటుంటారు. వాటి రసాయనం వేరు, వేడెక్కితే ప్రమాదం ఎక్కువ. పిల్లలు పడుకునే మంచం కిందే పెట్టాల్సిన బ్యాటరీ అది. దయచేసి ఆ జోలికి వెళ్లకండి.

నీడ సంగతి

దీని మీద కాస్త ఎక్కువసేపే ఆగుతాను, ఎందుకంటే నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. మొదటి ఏడాది క్యాబిన్ పైకప్పు మీద పలచటి ఫ్లెక్సిబుల్ ప్యానెల్ ఒకటి, 100 వాట్లది, జిగురుతో అతికించాను. చూడ్డానికి ఎంతో చక్కగా ఉండేది. లంగరు వేసి, మిట్టమధ్యాహ్నం నిప్పులు చెరిగే ఎండలో ఫోన్లో కంట్రోలర్ (ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఛార్జింగు చూసుకునే పెట్టె) యాప్ తెరిచి చూశాను. 71 వాట్లు. గాలికి పడవ కాస్త తిరిగింది. పైనున్న బూమ్ (తెరచాప కింది అంచుని పట్టి ఉంచే అడ్డ దూలం) నీడ ప్యానెల్ మీద జానెడు వెడల్పున అడ్డంగా పడింది. 71 కాస్తా 12 అయింది. పడవ తిరిగి యథాస్థానానికి వస్తే మళ్లీ 70. గంటసేపు అలా చూస్తూనే కూర్చున్నాను.

కారణం ఇదీ. 12 వోల్టుల ప్యానెల్‌లో సాధారణంగా 36 సెల్స్ వరసగా, దండలో పూసల్లా కలిపి ఉంటాయి. కరెంటు అన్నిటి గుండా పోవాలి. ఒక్క సెల్ పూర్తిగా నీడలో పడినా అది దారికి అడ్డం పడుతుంది. బైపాస్ డయోడ్ ఆ సగాన్ని పక్కన పెట్టేస్తే మిగిలిన సగం 9 వోల్టులే ఇస్తుంది, దానితో 12 వోల్టుల బ్యాటరీ ఛార్జ్ కాదు. అందుకే ప్యానెల్‌లో పదో వంతు మీద నీడ పడితే పదో వంతు కాదు, దాదాపు అంతా పోతుంది. తెరచాప పడవ మీద నిలువు స్తంభం అంటే మాస్ట్, బూమ్, తీగలు, చుట్టి పెట్టిన తెరచాప అన్నీ నీడనిచ్చేవే. ఇంటి మీద సోలార్‌కి పనికొచ్చే లెక్కలు ఇక్కడ పనికిరానిది ఇందుకే.

అందువల్ల జాగాల మధ్య పోలిక, నా ఓటు ప్రకారం వరసగా చెబుతాను.

వెనక రెయిలింగ్‌కి బిగించే గట్టి ప్యానెల్ అన్నిటికంటే నమ్మకమైనది. కూర్చుని పడవ నడిపే చోటు, అదే కాక్‌పిట్, వెనక స్టీల్ గొట్టానికి క్లాంపులతో పట్టించి, కింద ఒక కర్ర ఆసరా ఇస్తే సరిపోతుంది. ఎండ ఎటుంటే అటు వంచొచ్చు, వద్దనుకుంటే కిందికి వాల్చొచ్చు. బూమ్ నీడ అంత వెనక్కి రావడం తక్కువ. మాస్ట్‌ని వెనక నుంచి పట్టి ఉంచే బ్యాక్‌స్టే తీగ నీడ కొంచెం తినేస్తుంది, అది సర్దుకోవచ్చు. 27 అడుగుల పడవకి ఇరువైపులా ఒక్కోటి చొప్పున 100 వాట్లవి రెండు పడతాయి. ఒక్కోటి సుమారు ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, ఆరేడు కిలోలు.

కాక్‌పిట్ పైన గుడ్డ కప్పు, అదే బిమిని ఉంటే దాని మీద జిప్పుతో ఫ్లెక్సిబుల్ ప్యానెల్ కుట్టించుకోవచ్చు. కింద గాలి ఆడుతుంది కాబట్టి క్యాబిన్ మీద అతికించినంత వేడెక్కదు. కానీ బూమ్ సరిగ్గా దాని పైనే ఉంటుంది. లంగరు వేశాక బూమ్‌ని ఒక పక్కకి తాడుతో లాగి కట్టే అలవాటు ఉన్నవాళ్లకే ఇది లాభం.

వెనక స్టీల్ ఆర్చ్ కట్టించి పైన పెద్ద ప్యానెల్ వేసే పద్ధతి 35 అడుగులు దాటిన పడవలకి బాగుంటుంది. మన సైజుకి బరువు అంత ఎత్తున, అంత వెనక ఉండటం మంచిది కాదు. గాలివాన వచ్చినప్పుడు పడవ ప్రవర్తన మారిపోతుంది. చీసపీక్‌లో ఎండాకాలం సాయంత్రాలు ఉరుముల వాన ఎంత హఠాత్తుగా వస్తుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మడత పెట్టే ప్యానెల్, లంగరు వేశాకే బయటికి తీసేది, మొదటి ఏడాదికి మంచి ఎంపిక. పడవకి ఒక్క రంధ్రం చేయకుండా ఎక్కడ ఎండ బాగా వస్తుందో నేర్చుకోవచ్చు. ప్రయాణంలో మాత్రం పనికిరాదు.

గట్టిదా, ఫ్లెక్సిబులా అన్న వాదన ఈ పోలికలోనే తేలిపోయింది. గ్లాసు ప్యానెళ్లకి 25 ఏళ్ల దాకా గ్యారంటీ ఇవ్వడం మామూలే. ఫ్లెక్సిబుల్‌వి మూడు నుంచి అయిదేళ్లు బాగా పనిచేస్తే గొప్ప. డెక్‌కి అతికిస్తే ఇంకా త్వరగా పోతాయి, ఎందుకంటే వేడి పోవడానికి దారి ఉండదు. నాది రెండో ఎండాకాలంలోనే గోధుమ రంగు మచ్చలు వేసింది. ఫ్లెక్సిబులే కొనక తప్పకపోతే పైపొర ఈటీఎఫ్ఈ ఉన్నదే తీసుకోండి. పీఈటీ పొర ఎండకి పసుపెక్కి పొట్టు లేస్తుంది.

ఇప్పుడు వాట్ల లెక్క. ఎండాకాలంలో, నీడ లేని చోట, పడుకోబెట్టిన 100 వాట్ల ప్యానెల్ రోజుకి 25 నుంచి 30 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. ఫ్రిజ్ లేకపోతే 100 వాట్లు, 100 ఆంపియర్ అవర్ల లిథియం సరిపోతాయి. ఫ్రిజ్ ఉంటే 250 వాట్ల దాకా కావాలి. అక్టోబర్‌లో తిరిగేవాళ్లు దానికి ఇంకొంచెం కలుపుకోండి.

కంట్రోలర్

కంట్రోలర్లు రెండు రకాలు: పీడబ్ల్యూఎం చౌక, ఎంపీపీటీ ఖరీదు. పీడబ్ల్యూఎం ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 18 వోల్టుల దగ్గర అయిదున్నర ఆంపియర్లు ఇవ్వగల 100 వాట్ల ప్యానెల్ 13 వోల్టుల దగ్గర కూడా అవే అయిదున్నర ఇస్తుంది, అంటే 72 వాట్లు. మిగతాది గాలికి పోయినట్టే. ఎంపీపీటీ ఆ మిగులు వోల్టేజిని ఆంపియర్లుగా మారుస్తుంది. బ్యాటరీని నిండుగా ఉంచడానికి 30, 50 వాట్ల బుల్లి ప్యానెల్ ఒక్కటే పెట్టేవాళ్లకి పీడబ్ల్యూఎం చాలు. 100 దాటితే ఎంపీపీటీనే కొనండి. విక్ట్రాన్ వాళ్ల 75/15 మోడల్ 12 వోల్టుల మీద 220 వాట్ల దాకా తీసుకుంటుంది. ముందు ఒక ప్యానెల్‌తో మొదలుపెట్టి రెండోది తర్వాత కలుపుకునేవాళ్లకి సరిగ్గా సరిపోయే సైజు. చెరో పక్కా ప్యానెల్ ఉంటే ఒకదానికి ఎండ, ఒకదానికి నీడ వస్తుంటుంది. అప్పుడు రెండింటినీ ప్యారలల్‌గా కలపండి. దేనికదే కంట్రోలర్ పెడితే ఇంకా మేలు.

ఊరూ పేరూ లేని చౌక కంట్రోలర్లతో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. అవి రేడియోలోకి రొద పంపిస్తాయి. నా మొదటి కంట్రోలర్ పెట్టిన దగ్గర్నుంచీ పగలు ఏఐఎస్‌లో దూరపు ఓడలు కనిపించేవి కావు, పొద్దుగుంకాక కనిపించేవి. యాంటెన్నా పాడైందనుకుని మాస్ట్ ఎక్కించే దాకా వెళ్లాను. చివరికి ప్యానెల్ వైరు పీకేసి చూస్తే ఓడలన్నీ ఒక్కసారిగా తెర మీదికి వచ్చాయి. మీకూ ఇలాంటి అనుమానం వస్తే ముందు ఈ పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి కలపాలి, తర్వాతే ప్యానెల్. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులుగా.

వైరు, ఫ్యూజు, డెక్‌లో రంధ్రం

పడవ వైరింగుకి అమెరికాలో అందరూ చూసుకునే ప్రమాణాలు ఏబీవైసీ (అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్) వాళ్లవి. ఆ సంస్థ ఉన్నది మన అనాపొలిస్‌లోనే. వాళ్ల ఇ-11 ప్రమాణం ప్రకారం బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి 7 అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలి, కొన్ని మినహాయింపులు తప్ప. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారుతాయి. కారు షాపులో దొరికే ఫ్యూజు అంత కరెంటుని తెంచలేదు, కాలిపోయాక కూడా నిప్పు దాని మీదుగా దూకుతుంది. బ్యాటరీ టెర్మినల్ మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ ఫ్యూజు గానీ, క్లాస్ టీ ఫ్యూజు గానీ వాడండి. మొత్తం బడ్జెట్‌లో దేని మీద కక్కుర్తి పడ్డా దీని మీద మాత్రం పడకండి.

వైరు తగరం పూత ఉన్న రాగిదే కావాలి. ఉప్పు గాలికి ఉత్త రాగి రెండేళ్లలో నల్లబడి పొడి అవుతుంది. కంట్రోలర్‌ని బ్యాటరీ పక్కనే పెట్టండి. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు రానూ పోనూ 30 అడుగులు నడిస్తే, 10 గేజ్ వైరులో 3 శాతం కంటే ఎక్కువ వోల్టేజి పడిపోతుంది, ఇంకా లావుపాటి 8 గేజ్ కావాల్సి వస్తుంది. అదే దూరం ప్యానెల్ వైపు ఉంటే, అక్కడ వోల్టేజి ఎక్కువ, ఆంపియర్లు తక్కువ కాబట్టి 10 గేజ్ చాలు.

రంధ్రం పని ఒక పూట పడుతుంది, పడనివ్వండి. డెక్ అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బల్సా చెక్క గానీ ప్లైవుడ్ గానీ పెట్టిన శాండ్‌విచ్. నేరుగా రంధ్రం చేసి వైరు దూర్చి పైన సీలెంట్ పూస్తే, ఏదో ఒక రోజు నీళ్లు ఆ చెక్కలోకి దిగుతాయి. పైకి ఏమీ తెలీదు. రెండు మూడేళ్లకి అడుగు వేస్తే డెక్ మెత్తగా దిగుతుంది. అప్పటికి బాగు చేయడానికి పడవ ఖరీదంత అవుతుంది. కావాల్సిన దానికంటే పెద్ద రంధ్రం చేయండి. వంచిన మేకుతో అంచు చుట్టూ ఉన్న చెక్కని గీకి తీసేయండి. కింద టేపు వేసి, చిక్కటి ఎపాక్సీ పోసి, మర్నాటి దాకా గట్టిపడనివ్వండి. ఆ ఎపాక్సీ మధ్యలోంచి అసలు రంధ్రం చేయండి. అప్పుడు సీలెంట్ ఎప్పుడైనా కారినా నీళ్లకి చెక్క తగలదు.

ఎలక్ట్రానిక్స్: ఏది ముందు?

చీసపీక్ సగటు లోతు 21 అడుగులే. అందుకని నా వరసలో లోతు చూపించే సౌండర్ మొదటిది. డెక్‌లా కాకుండా అడుగుభాగం గట్టి ఫైబర్‌గ్లాస్ అయితే శబ్దం పంపి లోతు కొలిచే దాని ట్రాన్స్‌డ్యూసర్‌ని లోపలే అతికించొచ్చు, పడవకి రంధ్రం అక్కర్లేదు.

రెండోది వీహెచ్ఎఫ్. చేతిలో పట్టుకునేది 5, 6 వాట్లు, పడవకి బిగించేది 25 వాట్లు. కానీ అసలు తేడా వాట్లలో లేదు, యాంటెన్నా ఎత్తులో ఉంది. మాస్ట్ పైన పది మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకి రేడియో చూపు 7 నాటికల్ మైళ్ల దాకా వెళ్తుంది, అవతలివాళ్ల యాంటెన్నా ఎత్తుని బట్టి ఇంకా కలుస్తుంది. చేతిలోది మీ భుజం ఎత్తు నుంచే చూస్తుంది. రెండూ ఉంచుకోండి, ఒకటే అంటే మాత్రం బిగించేది. అందులో ఎంఎంఎస్ఐ అనే తొమ్మిది అంకెల నంబరు ఎక్కించి, జీపీఎస్ కలపడం మర్చిపోకండి. అవి లేకుండా ఆపదలో రేడియో మీది ఎర్ర బటన్ నొక్కితే మీరెవరో, ఎక్కడున్నారో సహాయానికి వచ్చేవాళ్లకి తెలియదు.

చార్ట్‌ప్లాటరా, ట్యాబ్లెట్టా? ట్యాబ్లెట్ చౌక, తెర అందంగా ఉంటుంది, అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఇచ్చే ఎలక్ట్రానిక్ చార్టులు ఉచితం. కానీ ఎండలో వేడెక్కి ఆగిపోతుంది, తడి వేలికి పలకదు. ఐప్యాడ్ అయితే సెల్యులార్ మోడల్‌లోనే సొంత జీపీఎస్ ఉంటుంది, వైఫై మోడల్ కొని మోసపోకండి. నేను రెండూ వాడతాను. ముందు రోజు రాత్రి దారి చూసుకోవడానికి ట్యాబ్లెట్, చుక్కాని దగ్గర ప్లాటర్. ఒకటే కొనగలిగితే చిన్నదైనా ప్లాటరే కొనమంటాను.

బాల్టిమోర్‌కి వెళ్లే పెద్ద ఓడలు ఇదే నీళ్లలో తిరుగుతాయి కాబట్టి ఏఐఎస్ కావాలి. రిసీవర్ లోపలే ఉన్న వీహెచ్ఎఫ్‌లు దొరుకుతున్నాయి, మొదటి మెట్టుగా అవి చాలు. రాత్రి ప్రయాణాలు, పొగమంచు ఉండేవాళ్లు తమని కూడా చూపించే క్లాస్ బి ట్రాన్స్‌పాండర్‌కి వెళ్లడం మంచిది.

టిల్లర్ పైలట్ విషయంలో పడవ బరువు చూసి కొనండి. రేమరీన్ ఎస్‌టి1000 ప్లస్ 3,000 కిలోల పడవల దాకా, ఎస్‌టి2000 ప్లస్ 4,500 కిలోల దాకా. కాటలీనా 27 ఖాళీగానే 3,100 కిలోల చిల్లర. మనుషులు, నీళ్లు, సామాన్లు ఎక్కాక ఇంకా పెరుగుతుంది. కాబట్టి పెద్దదే తీసుకోవాలి. తెరచాపల్ని సరిగ్గా సర్ది పడవని నిదానపరిస్తే పైలట్ లాగే కరెంటు బాగా తగ్గుతుంది. వంకర పడవని అది నిమిషానికి పదిసార్లు సరిచేస్తూ బ్యాటరీ తాగేస్తుంది.

ఇక తమ్ముడి సంగతి. భార్య, ఇద్దరు పిల్లలు, శనాదివారాలే, ఫ్రిజ్ లేదు. వెనక రెయిలింగ్‌కి కుడివైపు 100 వాట్ల గ్లాసు ప్యానెల్ ఒకటి, 75/15 కంట్రోలర్, చలి రక్షణ ఉన్న 100 ఆంపియర్ అవర్ల లిథియం, టెర్మినల్ మీద ఫ్యూజు, దీపాలన్నీ ఎల్ఈడీ. ఈ సీజన్‌కి సౌండర్, ఏఐఎస్ ఉన్న వీహెచ్ఎఫ్ బిగించమన్నాను. ప్లాటర్, పైలట్ వచ్చే ఏడాది. డెక్‌లో రంధ్రం మాత్రం ఇప్పుడే రెండు వైర్ల జతలు పట్టేంత చేసి, రెండో జత లాగి చివర్లు టేపుతో మూసి వదిలేయమన్నాను, ఎడమవైపు ప్యానెల్ ఎప్పుడు కొన్నా మళ్లీ ఎపాక్సీ పని పెట్టుకోకుండా.